నవ్వుపాటకు కర్త ఎవరు?

నాట్యశాస్త్రంలో రసాలను లెక్కించిన భరతముని శృంగారం వెంటనే హాస్యాన్ని పేర్కొన్నాడు. కరుణకు గాని, వీరానికి గాని అంతకన్న ముందు పీట వేయలేదు. అంతటితో ఊరుకోక, స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు తెగలుగా విడదీసి, ఉత్తములు ఎట్లా నవ్వుతారో, మధ్యములు ఎట్లా నవ్వుతారో, అధములు ఎట్లా నవ్వుతారో నిర్ణయించి మరీ చెప్పాడు. ఇంతటి శాస్త్రానికి వారసులమైన మనం నవ్వించే పాటకు ఇచ్చిన స్థానం ఏది? సినిమాహాలులో హాస్యగాడి పాట మొదలయ్యేసరికి బయటికి పోయి సోడా తాగి రావడం ఒక తరం ప్రేక్షకులకు ఆచారంగా ఉండేది. సాహిత్య చరిత్రలు రాసినవారు ఆ ప్రేక్షకులకన్న గొప్ప పని చేయలేదు. వారు సోడాకు పోయి మరి తిరిగి రాలేదు.

ఈ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినది హాస్యగాడు కాడు. అతని ముఖం జనానికి గుర్తున్నది. నష్టపోయినవాడు కవి. నెల్లూరు వీథులలో నేటికీ ఎవరో ఒకరు కూనిరాగంగా తీసే పాత హాస్యగీతాన్ని ఎవరు రాశారని పదిమందిని అడిగితే, తొమ్మిదిమంది నటుడి పేరు చెబుతారు, పదవవాడు గాయకుడి పేరు చెబుతాడు. పద్యానికి కర్తను చెప్పలేని విద్యార్థికి మార్కులు తగ్గించే పంతులుగారు సైతం ఇక్కడ తడుముకొంటారు.

ఒక్క పాటను పట్టుకొని చూస్తే సంగతి తేటపడుతుంది. 1964లో డి. రామానాయుడు నిర్మాతగా, తాపీ చాణక్య దర్శకుడుగా వచ్చిన "రాముడు భీముడు" చిత్రంలో సిగరెట్టు మీద ఒక సంవాదగీతం ఉన్నది. రమణారెడ్డి సిగరెట్టును వెనకేసుకొని వస్తాడు, గిరిజ దానిని ఎండగడుతుంది. అతడు దొరల మర్యాదను ముందుకు తెస్తే ఆమె దాని కంపును గుర్తుచేస్తుంది. ఆమె డాక్టర్ల మాట ఎత్తితే అతడు యాక్టర్ల సాక్ష్యం తెస్తాడు. ఈ చివరి ఎత్తు ఎంత చమత్కారమైనదో నేటి ప్రకటనల యుగంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. వైద్యుడి మాటను నటుడి మాటతో కొట్టివేయడమే గదా ప్రకటన అనే వ్యాపారమంతా! పొగతాగడానికీ ఊపిరితిత్తుల కాన్సరుకూ గల సంబంధాన్ని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక లోకానికి ప్రకటించినది ఆ 1964 జనవరిలోనే. ఆ సంగతిని అదే సంవత్సరం పల్లెటూరి టూరింగు టాకీసు దాకా మోసుకొని పోయినది ఏ ఆరోగ్యశాఖ కరపత్రమూ కాదు, ఒక నవ్వుపాట.

ఈ పాటను "రమణారెడ్డి పాట" అంటారు. నెల్లూరువారు మరికాస్త అభిమానంగా "మన రమణారెడ్డి పాట" అంటారు. అనడంలో తప్పు లేదు. తిక్కవరపు వెంకట రమణారెడ్డి 1921లో నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టాడు. చిత్రాలకు పోకముందు నెల్లూరులోనే శానిటరీ ఇన్స్పెక్టరుగా పనిచేశాడు. ఊచవంటి ఆ దేహమూ, విల్లులా వంగే ఆ నడుమూ, మాట చివర సాగదీసే ఆ తీరూ మరొకరికి రాలేదు. "మాయాబజారు"లో చిన్నమయ్య, "గుండమ్మ కథ"లో ఘంటయ్య అతడే. గారడీ విద్య కూడా సాధన చేశాడు. 1974లో కన్నుమూశాడు. అయితే ఆ సిగరెట్టు పాటలో అతనివి పెదవులు మాత్రమే. గొంతు మాధవపెద్ది సత్యానిది, గిరిజకు గొంతు జమునారాణిది, బాణీ పెండ్యాల నాగేశ్వరరావుది. మాటలు కొసరాజు రాఘవయ్యచౌదరివి.

ఈ చివరి పేరు తెలియడంతోనే ఒక తలుపు తెరచుకొంటుంది. పాట నచ్చినవాడు నటుడి పేరు పట్టుకొని వెదికితే మరికొన్ని చిత్రాలు దొరుకుతాయి, గాయకుడి పేరు పట్టుకొని వెదికితే మరికొన్ని రాగాలు దొరుకుతాయి. కవి పేరు పట్టుకొని వెదికినవాడికే ఆ నవ్వు పుట్టిన ఇల్లు దొరుకుతుంది. ఒక హాస్యగీతం విని పరవశించి, అటువంటిది మరొకటి ఉన్నదా అని ఆశగా అడిగే కుర్రవాడికి చెప్పవలసిన జవాబు, "ఉన్నది, కొసరాజును అడుగు" అని.

కొసరాజు 1905లో బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టాడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన "రైతుబిడ్డ"కు పాటలు రాశాడు. 1955లో "రోజులు మారాయి" చిత్రానికి ఆయన రాసిన ఏరువాక పాట, మాస్టర్ వేణు బాణీలో, జిక్కి గొంతులో ఊళ్లను ఊపివేసింది. ఆ బాణీ హిందీవారిని కూడా ఆకర్షించి 1960లో "బంబయీ కా బాబూ" చిత్రంలోకి పోయింది. జనం ఆయనను జానపద కవి అన్నారు. ఆ మాట నిజమే గాని, జానపదం అనగానే పైరుగాలీ పచ్చపమిటా మాత్రమే తలచుకోవడం మనకు అలవాటయింది. పల్లెటూరి మనిషి పాడుకొనేటప్పుడు సగం వేళ ఎవరినో ఒకరిని ఎత్తిపొడవడానికే పాడతాడు. కొసరాజు ఆ సగాన్ని వదలలేదు.

"కులగోత్రాలు" 1962లో వచ్చింది. అందులో పేకాటరాయుళ్ల పాట ఒకటి ఉన్నది. సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు జంటగా పాడారు. చేతిలో ఉన్నదంతా పోగొట్టుకొన్నవాడు ఏడవాలి గదా. ఇక్కడ అతడు ఏడుస్తూనే నలమహారాజును తనకు తోడుగా పిలుచుకొంటాడు. అంతటి మహారాజుకే తప్పనిది తనకు తప్పుతుందా అని! జూదరి మనస్సును ఇంతకన్న లోతుగా చూపిన నవలలు మనకు ఎన్ని ఉన్నాయి? ఓడినవాడు తన ఓటమికి పురాణ ప్రశస్తి కట్టబెట్టుకొని మళ్లీ ముక్కలు కలపడానికి సిద్ధపడతాడు. భారతంలో అరణ్యపర్వం చదివిన విద్యార్థికి ఈ పాటను పక్కన పెట్టి చూపితే, నలోపాఖ్యానం ధర్మరాజుకు ఓదార్పుగా ఎందుకు చెప్పబడిందో వేరే వ్యాఖ్యానం అక్కరలేకుండానే తెలుస్తుంది. ధర్మరాజు కూడా జూదంలో ఓడినవాడే గదా. ఒకే కథ మహర్షి నోట ఓదార్పు అయింది, పేకాటరాయుడి నోట సాకు అయింది.

అంతకు మూడేళ్ల ముందు, 1959లో, విజయావారి "అప్పుచేసి పప్పుకూడు"లో రేలంగీ గిరిజా పాడే కాశీయాత్ర పాట కూడా ఆయనదే. గొంతులు ఘంటసాల, స్వర్ణలతలవి. కాశీకి పోయి వచ్చిన పుణ్యపురుషుడినని అతడు ఒక్కొక్క గొప్ప చెప్పుకొంటూ ఉంటే, ఆమె ఒక్కొక్క గొప్పకూ సూది గుచ్చుతుంది. దీనిలో చమత్కారం పల్లవి దగ్గర ఉన్నది. భజనలో వలె ప్రతి పాదం చివరా దైవనామం వస్తుంది. బొంకేవాడూ ఆ నామంతోనే బొంకుతాడు, బొంకును బయటపెట్టేదీ ఆ నామంతోనే పెడుతుంది. దేవుడి పేరు మారదు, దాని వెనుక ఉన్న నిజం మారుతుంది. భజన చేసే గుంపులో నిలబడి ఊరి పెద్దమనిషి కపట భక్తిని కనిపెట్టిన రైతు ఎవడో ఈ పాటకు మూలపురుషుడు.

ఇటువంటి సంవాదగీతం కొసరాజు సృష్టి కాదు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ విశ్రాంతి తీసుకొనే సందులో తెరమీదికి దూకే కేతిగాడికీ బంగారక్కకూ మధ్య తెల్లవార్లూ జరిగినది ఇదే. మగవాడి డంబాన్ని ఆడది దించడం, ఆడదాని కోపాన్ని మగవాడు వేళాకోళం చేయడం, మధ్యలో ఊళ్లోని కరణాన్నో షావుకారునో ఒక దెబ్బ కొట్టడం. బొమ్మలాట మూలపడిన తరువాత ఆ జంట ఎక్కడికి పోయింది? రమణారెడ్డీ గిరిజా, రేలంగీ గిరిజా అయి వెండితెర మీదికి ఎక్కింది. బొమ్మ తోలు పోయింది గాని మాట పోలేదు.

ఇంకొక మూలం నెల్లూరులోనే ఉన్నది. పెన్న ఒడ్డున, మనుమసిద్ధి కొలువు ఉన్న రోజులలో, తిక్కన సోమయాజి విరాటపర్వం తెలుగు చేశాడు. అంతఃపుర స్త్రీల మధ్య ఉత్తరకుమారుడు కొట్టిన బడాయి, కౌరవసేన కంటబడగానే అతనికి పట్టిన వణుకు, బృహన్నల మౌనం తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. డంబాన్ని నిండా ఊదనిచ్చి, ఆ తరువాత ఒక్క సూదితో పొడవడం అనే కిటుకు తిక్కనకు తెలుసు, కేతిగాడికి తెలుసు, కొసరాజుకు తెలుసు. మొదటివాడిది కావ్యం, రెండవవాడిది వినోదం, మూడవవాడిది "రిలీఫ్" అని మనం పేర్లు పెట్టాం. పేర్లు పెట్టడంలో మనం చాలా గట్టివాళ్లం.

పాట ఒక్కసారి విన్నంతనే నోటికి అంటుకోవడానికి కారణమేమి? బాణీ అంటారు చాలామంది. బాణీ సగమే. కాశీయాత్ర పాటలో మాటలను మాత్రలు కట్టి చూస్తే అయిదు మాత్రల ఖండగతి కనిపిస్తుంది. అది ద్విపద నడకకు దగ్గరి చుట్టం. రంగనాథ రామాయణం పాడుకొన్న జాతి చెవిలో ఆ నడక తరతరాలుగా స్థిరపడి ఉన్నది. కొత్త పాట వచ్చి ఆ పాత జాడలో కాలు పెట్టగానే చెవి దానిని స్వంతమనుకొంటుంది. సిగరెట్టు పాట నడక వేరు, అది నాలుగు మాత్రల చతురశ్రగతి. వాదనకు అది తగినది. ఒకరు విసిరిన మాటను మరొకరు అందుకొని తిరిగి విసరడానికి ఆ పొట్టి అడుగులే అనువు. ఛందస్సు పాఠమంటే భయపడే పిల్లవాడికి గురులఘువులను ఈ పాటలమీద గుర్తించడం నేర్పితే, శార్దూలం దాకా తీసుకొనిపోవడం అంత కష్టం కాదు. శార్దూలంతోనే మొదలుపెట్టితే మాత్రం అది పేరుకు తగినట్టే మీద పడుతుంది.

నడక తరువాత ప్రాస. పద్యకవికి ప్రాస రెండవ అక్షరం. నవ్వుపాటకు ప్రాస పాదం చివర. విననున్న మాట ఏదో వినేవాడు ముందుగానే ఊహించుకొని ఉంటాడు. కవి ఆ ఊహకు సరిపోయే శబ్దాన్నే ఇచ్చి, సరిపోని అర్థాన్ని ఇస్తాడు. నవ్వు పుట్టేది ఆ సందులోనే. డాక్టరుకు యాక్టరు తగిలినప్పుడు జరిగినది అదే. ఆ పైన జంటమాటలు. చదువూ సంధ్యా, డబ్బూ దస్కమూ, పెళ్లీ పేరంటమూ అంటూ తెలుగువాడు రెండేసి మాటలు కలిపి మాట్లాడతాడు. పుస్తకం గిస్తకం అని "గి" చేర్చి ఒక వస్తువును చప్పున చులకన చేయగలడు. ఈ సంపదను గ్రాంథిక కవులు ముట్టలేదు, భావకవులు మైల అనుకొన్నారు. వాడుక భాషకోసం గిడుగు రామమూర్తి పోరాడిన తరువాత అది వచనంలోకి నిండుగా వచ్చింది గాని, గేయంలోకి నిండుగా తెచ్చినవారు ఈ హాస్యగీత రచయితలే.

పింగళి నాగేంద్రరావు దారి వేరు. ఆయన పల్లె నుడికారాన్ని తేలేదు, లేని మాటలను పుట్టించాడు. "పాతాళభైరవి" 1951లో వచ్చింది. అందులో రాజుగారి బావమరది ప్రేమగోలను పాటగా చేసి రేలంగి చేత స్వయంగా పాడించారు. సంగీతం ఘంటసాలది. "మిస్సమ్మ"లో కూడా రేలంగి తన పాట తానే పాడుకొన్నాడు. గాయకుడు కానివాడి గొంతులో ఉండే గరుకే అక్కడ రసం. శ్రుతి శుద్ధంగా పాడితే ఆ పాటలు చచ్చిపోతాయి. 1970లో రేలంగికి పద్మశ్రీ వచ్చినప్పుడు నటుడికి వచ్చిందన్నారు, ఆ గొంతుకు కూడా వచ్చిందనుకోవాలి.

"మాయాబజారు"లో ఘటోత్కచుడి విందుపాట సంగతి మరీ విచిత్రం. "వివాహ భోజనంబు" సురభి నాటకాల మూలాన అంతకు పూర్వమే జనం నోట ఉన్న పాట. 1957 చిత్రంలో ఎస్.వి. రంగారావు కోసం మాధవపెద్ది సత్యం పాడాడు. ఆ బాణీకీ, 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ రికార్డు ఇచ్చిన నవ్వే పోలీసువాడి పాటకూ పోలిక ఉన్నది. పెన్‌రోజ్ పాటకు మూలం మరొకటి. అమెరికాలో బానిసత్వపు రోజులలో పుట్టిన నీగ్రోజాతి గాయకుడు జార్జి డబ్ల్యు. జాన్సన్ 1890లలో ఫోనోగ్రాఫు రికార్డులకు పాడిన నవ్వుల పాట అది. వర్జీనియాలో పుట్టిన ఒక గాయకుడి నవ్వు లండను మీదుగా సముద్రాలు దాటి హిడింబాసురుడి మేనల్లుడి గొంతులో ప్రతిధ్వనించిందంటే, నవ్వుకు పాసుపోర్టు అక్కరలేదన్నమాట. కాని ఆ బాణీమీద పరచిన వంటకాల వరుస మాత్రం అచ్చంగా మనది. శృంగారనైషధంలో దమయంతి పెండ్లివిందును శ్రీనాథుడు వర్ణించిన తీరు తెలిసినవారికి ఈ రాక్షసుడి విస్తరి ఎవరు వేసినదో తెలుస్తుంది.

ఇక నెల్లూరు వారి వాటా. ఆచార్య ఆత్రేయ, కిళాంబి వెంకట నరసింహాచార్యులు, 1921లో నాటి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టాడు. రమణారెడ్డి పుట్టిన ఏడే. "ఎన్.జి.ఓ." వంటి నాటకాలతో పేరు పొంది, 1951లో "దీక్ష" చిత్రంతో పాటల రచయిత అయ్యాడు. మనసుకవి అని ఆయనకు బిరుదు. సకాలంలో రాయక నిర్మాతలను, రాసి ప్రేక్షకులను ఏడిపిస్తాడని ఒక ఛలోక్తి కూడా ప్రచారంలో ఉండేది. ఈ ఏడుపు కీర్తి ఎంత బలపడిందంటే ఆయన నవ్వు దాని కింద పూడిపోయింది. 1978లో వచ్చిన "మరోచరిత్ర"లో, అలిగిన నాయికను లిఫ్టులో నాయకుడు ఉడికించే పాట ఉన్నది. ఆ పాటను తెలుగు చిత్రాల పేర్లతో దండ గుచ్చినట్టు గుచ్చాడు. విన్నవారు గమ్మత్తుగా ఉన్నదని నవ్వి ఊరుకొన్నారు. అవధానం చూసినవారు మాత్రం ఆగి ఆలోచించాలి. పృచ్ఛకుడు ఇచ్చిన పొంతనలేని పదాలను పద్యంలో అర్థవంతంగా ఇమడ్చడాన్ని దత్తపది అంటారు. ఇక్కడ పదాలను ఇచ్చినది చిత్రపరిశ్రమ, పూరించినది ఆత్రేయ. అవధానిని శాలువతో సత్కరిస్తాం, ఆత్రేయ చేసిన పూరణను సినిమా పాట అని పక్కన పెడతాం.

ఆ పాట పాడిన యువకుడు కూడా నెల్లూరువాడే. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథా భాగవతార్. హరికథలో కథ ఎంత గంభీరమైనదైనా నడుమ పిట్టకథ ఉండి తీరాలి. భాగవతార్ ఒక్కడే గొంతు మార్చి అత్త అవుతాడు, కోడలవుతాడు, పొరుగింటి ముసలమ్మ అవుతాడు. బాలసుబ్రహ్మణ్యానికి తొలి అవకాశం ఇచ్చిన చిత్రం "శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న". 1967లో వచ్చిన ఆ చిత్రానికి నిర్మాత హాస్యనటుడు పద్మనాభం కావడం ఒక ముచ్చట. 1976లో "మనుషులంతా ఒక్కటే" చిత్రంలో అల్లు రామలింగయ్యకు పాడవలసి వచ్చినప్పుడు, ఆయన అల్లువారి గొంతులోకే దూరిపోయాడు. ఆ ముక్కుపలుకు, ఆ జారుడు, ఆ కొసవిరుపు విన్నవారు నటుడే పాడాడని భ్రమపడ్డారు. తోడు పాడినది సుశీల. రాసినది, చెప్పనక్కరలేదు, కొసరాజు. అప్పటికి ఆయన డెబ్బయి దాటినవాడు! ఆ వయస్సులో కవులు వేదాంతం రాస్తారని ప్రతీతి. ఆయన ముసలి సరసుడి కోరికలమీద పాట రాశాడు.

ఇంతకూ హాస్యగీతాలన్నీ గొప్పవని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. చాలావాటికి మరణమే తగిన శిక్ష, అది వాటికి దక్కింది కూడా. మనిషి పుట్టుకను, ఒడలి తీరును, నత్తిని, ఒక ప్రాంతపు యాసను పట్టుకొని నవ్వించే పాట పాట కాదు, పిరికివాడి రాయి. నెల్లూరు యాసకే ఆ అనుభవం ఉన్నది. భేదం ఎక్కడ అంటే, మంచి నవ్వుపాటలో దెబ్బ మనిషి చేసిన పనిమీద పడుతుంది. పేకాట మానవచ్చు, సిగరెట్టు మానవచ్చు, కాశీకి పోకుండా పోయానని చెప్పడం మానవచ్చు. నల్లగా పుట్టడం ఎట్లా మానడం? రెండవ రకం పాటలు సంఖ్యలో ఎక్కువ కాబట్టి మొదటి రకాన్ని కూడా బడి గుమ్మం దాటనీయక పోవడం, తాలు ఉన్నదని మొలగొలుకుల బస్తాను పారబోసినట్టు ఉంటుంది. ఏరుకోవాలి. ఏరడం పంతులుగారి పని.

ఇతర దేశాలవారు ఈ పని ఎట్లా చేస్తున్నారో ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో "దే మైట్ బీ జైంట్స్" అనే పాటగాళ్ల జట్టు ఒకటి ఉన్నది. చిన్ననాటి స్నేహితులు ఇద్దరు, ఇద్దరి పేరూ జానే, 1982లో ఆరంభించారు. రాక్ సంగీతమంటే గంతులూ కేకలే అనుకొనేవారికి వీరి పాటలు వింతగా తోస్తాయి. వింతైన సంగతులమీద, చమత్కారంగా, ఒక్కసారికే నోట నిలిచేటట్టు పాడతారు. 1980లలో తమ ఇంటి టెలిఫోను యంత్రంలో రోజుకో పాట నింపి ఉంచేవారు. ఎవరైనా ఫోను చేస్తే పాట వినవచ్చును. ఒకటి విన్నవాడు మరునాడు మరొకదానికోసం మళ్లీ చేసేవాడు. పిల్లలకోసం అక్షరాలమీద 2005లో, అంకెలమీద 2008లో, విజ్ఞానశాస్త్రం మీద 2009లో సంపుటాలు చేశారు. సూర్యుడు మండే వాయువుల ముద్ద అని చెప్పే 1959 నాటి ఒక బాలల పాటను వీరు లోగడ పాడి ఉన్నారు. అది శాస్త్రరీత్యా సరికాదని, సూర్యుడు ప్లాస్మా అని 2009 సంపుటంలో మరొక పాట కట్టి దిద్దుకొన్నారు. ఒక పాటలో దొర్లిన శాస్త్రదోషాన్ని ఇంకొక పాటతో సవరించడం చూస్తే, నవ్వుపాటను వారు ఎంత గౌరవంగా పట్టించుకొన్నారో తెలుస్తుంది.

మనకు అటువంటి సామగ్రి లేదా? శ్రీశ్రీ ప్రాసక్రీడలూ లిమరిక్కులూ ఉన్నాయి. ఆరుద్ర కూనలమ్మ పదాలు ఉన్నాయి. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు ఉన్నాయి. వీటికి పుస్తకరూపమైనా దక్కింది. కొసరాజు నవ్వుపాటలకు చాలాకాలం దక్కిన గ్రంథరూపం హాలు ముందర అమ్మిన పాటల పుస్తకమే. అణాకు అమ్మిన ఆ కాగితం పొట్లం కట్టడానికి పోయింది. మిగిలినవి అట్టలు ఊడి, అచ్చుతప్పులతో పాత పుస్తకాల దుకాణాలలో ఉన్నాయి. వాటిలోనైనా కవి పేరు ఉండేది. ఇప్పుడు పాటలన్నీ చేతిలోని ఫోనులోకి వచ్చాయి. ఒకటి అయిపోగానే యంత్రం తనంతట తానే మరొకటి వినిపిస్తుంది. ఆ విధంగా వెదుకులాట సులువైనది, నిజమే. కాని ఆ యంత్రం తరచు నటుడి బొమ్మనూ గాయకుడి పేరునూ చూపుతుంది, కవి పేరును మరుగున ఉంచుతుంది. దారి చూపేవాడు ఇంటి యజమాని పేరు మరచిపోయినట్టున్నది.

ఇందుకు ఒక మంచి ఆదర్శం మన ఎదుట ఉండింది. 1996లో ఈటీవీలో ఆరంభమైన "పాడుతా తీయగా"లో బాలసుబ్రహ్మణ్యం పిల్లల చేత పాడించేటప్పుడు, ఆ పాట రాసినది ఎవరో, ఏ మాట ఎందుకు పడిందో చెప్పి ముందుకు సాగేవాడు. ఉచ్చారణ తప్పితే ఆపి సరిదిద్దేవాడు. రాగం ఎంత బాగా వచ్చినా "శ" "ష"లు తారుమారైతే ఊరుకొనేవాడు కాదు. ఒక టెలివిజను కార్యక్రమంలో సాధ్యమైనది తెలుగు తరగతిలో ఎందుకు సాధ్యం కాదు? 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన తరువాత నెల్లూరులో సంతాపసభలకు కొదవ లేకపోయింది. ఆ సభలలో వినిపించినవి ఎక్కువగా విషాదగీతాలూ భక్తిగీతాలూ. అల్లు రామలింగయ్య గొంతుతో ఆయన పాడిన పాటను అక్కడ వినిపించడానికి ఎవరికీ నోరు రాలేదు కాబోలు. ఆ గొంతు మార్పులో హరికథకుడి కొడుకు ఎంత ఉన్నాడో చెప్పడానికి అంతకన్న తగిన సందర్భం ఉండదు.

నెల్లూరు బడులలో వారానికి ఒక్క గంట చాలు. ఒక పాటను నల్లబల్లమీద తప్పులు లేకుండా రాయించాలి. పైన కవి పేరు, కింద సంవత్సరం. మాత్రలు కట్టించాలి. జంటమాటలు ఏరించాలి. డంబం ఎక్కడ ఊదబడిందో, సూది ఎక్కడ గుచ్చుకొన్నదో పిల్లల చేతనే చెప్పించాలి. సిగరెట్టు పాటతో మొదలుపెట్టవచ్చును, అందులో మన ఊరివాడు ఉన్నాడు గనుక పిల్లలకు ఉత్సాహం ఉంటుంది. మరుసటి వారం పేకాట పాట, ఆ పై వారం కాశీయాత్ర. అప్పుడు విరాటపర్వం తెరిచి ఉత్తరుడిని పిలవాలి. ఆ తరువాత ఆత్రేయ చిత్రమాలిక పెట్టి, పిల్లలకు తెలిసిన పాఠాల పేర్లు నాలుగు ఇచ్చి, ఒక పాదం పూరించమనాలి. పూరణ ఎంత వంకరగా వచ్చినా సరే, దాని కింద పూరించినవారి పేరు మాత్రం తప్పక రాయించాలి.